కూర్చోమన్నారు, కూర్చున్నాడు

నేను ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని. పగిలిన బకెట్లూ చిల్లులు పడ్డ బిందెలూ కరిగించి నన్ను పోశారు. మొదట షామియానా కొట్టులో ఉన్నాను. పొద్దున పెళ్ళిలో, సాయంత్రం చావింటి ముందు, ఎక్కడ వేస్తే అక్కడ మోశాను. కొట్టు మూతపడ్డాక ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు నన్ను కొనుక్కుంది. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నడుములు విరిగినవాళ్ళు అర్జీలు పట్టుకుని ఎక్కాల్సిన ఆఫీసు అది!

ఏసోబు అలాగే ఎక్కాడు. నూలుమిల్లులో ఇరవై రెండేళ్ళు దూది బేళ్ళు మోసినవాడు. ఒకరోజు బేలు మీదపడి వెన్నుపూస చితికింది. పని చేయలేని స్థితి వస్తే నెలనెలా సగం జీతం ఇస్తామని మిల్లు కట్టించిన పాలసీ ఉంది. రెండేళ్ళు ఇచ్చారు. తర్వాత, అతని ఒంటిమీద చెయ్యన్నా వేయని డాక్టరొకడు కాగితాలు తిరగేసి "కూర్చుని చేసే పని చేయగలడు" అని రాశాడు. డబ్బు ఆగింది. ఆ కూర్చునే పనేదో మీరే ఇవ్వండయ్యా అని మిల్లుకు వెళితే, నువ్వు పనికిరావు పొమ్మన్నారు. ఇక మిగిలింది అప్పీలు. ఒక్కటే అప్పీలు. అదీ పోతే అంతే.

భార్య మార్తమ్మ భుజం పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ వచ్చాడు. అప్పీళ్ళు చూసే అధికారి మర్యాదస్తుడు. అదే కొంప ముంచింది.

"రావయ్యా, కూర్చో. బాగున్నావా?"

"ఆఁ, బాగున్నానండి. మీ దయ."

మీరైనా అదే అంటారు. ఆసుపత్రి మంచం మీదున్నవాణ్ణి అడిగినా అదే అంటాడు. అధికారి కలం కదిలింది.

ఏసోబు పది నిమిషాలకు మించి కూర్చోలేడు. కానీ ఆఫీసరు మాట్లాడుతుంటే మధ్యలో లేవడం మర్యాద కాదనుకున్నాడు. నా చేతులు బిగించి పట్టుకున్నాడు. అతని చెమట నా వీపు మీద కారింది. అతని తొడలు వణికితే నా కాళ్ళూ వణికాయి. నలభై నిమిషాలు! లెమ్మని అరుద్దామంటే నాకు నోరేదీ?

"లెగవయ్యా, నొప్పని చెప్పు" మార్తమ్మ చెవిలో అంది.

"ఊరుకోవే. ఆయనేమనుకుంటాడు?"

నెల తర్వాత ఆ గదిలోనే ఉత్తరం టైపయింది. అర్జీదారు తాను బాగున్నానని చెప్పాడు. నలభై నిమిషాలు లేవకుండా కూర్చున్నాడు. అప్పీలు కొట్టివేయడమైనది. చూశారా, ఒక్క అబద్ధం లేదు! సాక్షిని నేను. నన్ను ఒక్క ముక్క అడగలేదు.

ఆ వారమే నా వెనక కాలు పగిలింది. అటెండరు వంగి ఒకసారి చూశాడు. "ఇదింక పన్జెయ్యదు" అన్నాడు. అయిపోయింది. డాక్టరు కాగితం అడగలేదు, అర్జీ అడగలేదు. తలుపు బయట మెట్ల మలుపులో పారేశాడు.

ఉత్తరం పట్టుకుని మార్తమ్మ ఒక్కతే వచ్చింది. లోపలి మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

"కూర్చోమ్మా, మాట్లాడదాం."

"నేను కూర్చోను బాబూ. కూర్చుంటే అదీ రాసుకుంటారు."

"ఇంక రాయడానికేం లేదమ్మా. ఫైలు మూసేశాం."

అయినా కూర్చోలేదు. ఆఫీసుకు తాళం వేసేదాకా నిలబడే ఉంది. మెట్లు దిగబోతూ, మూడు కాళ్ళ మీద ఒరిగిన నన్ను చూసి ఆగింది. పగిలిన కాలు తడిమింది.

"నిన్నైతే నమ్మారు చూడు" అంది.