స్టేషను పక్క లాండ్రీ

ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు నవ్వుతున్నది ఆమె చేసిన పళ్ళతోనే. ఇరవై ఆరేళ్ళుగా డెంటల్ ల్యాబులో కట్టుడుపళ్ళు తయారుచేస్తున్న ఆమెను అందరూ పళ్ళక్క అనేవారు. ఆదివారం వచ్చిందంటే ఆమె బొమ్మరైళ్ళ క్లబ్బులో ఉండేది. టౌన్‌హాలు మేడమీది గదిలో క్లబ్బువాళ్ళు నలభై ఏళ్ళ కిందటి రైల్వేస్టేషన్నీ, చుట్టుపక్కల వీధుల్నీ పెద్ద బల్లమీద తిరిగి కడుతున్నారు. ప్రతిదీ అసలు కొలతలో ఎనభై ఏడో వంతు. పట్టాలు పరవడం అయిపోయింది, కట్టడాలను తలా ఒకటి పంచుకున్నారు.

పళ్ళక్క కోరింది ఒక్కటే, స్టేషను పక్కన ఉండే లాండ్రీ. కింద ఉతుకుడు, ఇస్త్రీ. పైన రెండు గదుల్లో కాపురం. ఆమె పుట్టింది అక్కడే. వాళ్ళమ్మ నడిపిన ఆ లాండ్రీని పదకొండేళ్ళ కిందట కార్ల పార్కింగు కోసం పడగొట్టించింది ఇప్పటి మేయరే. తల్లీకూతుళ్ళు పెట్టుకున్న అప్పీలు తేలకముందే, ఒకరోజు తెల్లవారుతుండగా బుల్‌డోజరు వచ్చేసింది. తడిబట్టలు తీగల మీదే ఉన్నాయి.

క్లబ్బు ప్రెసిడెంటు రిటైరైన రైల్వే గార్డు. మంచివాడే, కాకపోతే నీడను చూసినా బెదిరే రకం.

"ప్రదర్శన మొదలుపెట్టేది మేయరుగారమ్మా. ఈ గది కూడా ఆయన ఇచ్చిందే. ఆ మూల ఓ పూలకొట్టు పెట్టేద్దాం. డబ్బాలో రెడీమేడ్‌గా దొరుకుతుంది, ముక్కలు అతికించుకోవడమే."

"అక్కడ పూలకొట్టు ఎప్పుడుంది గార్డుగారూ?"

"లేదులే. పెడితే మాత్రం ఎవరి సొమ్మేం పోయింది?"

"ఇరవయ్యేళ్ళు మీ యూనిఫాం ఉతికింది పూలకొట్టువాళ్ళా?"

గార్డుగారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కమిటీ నిర్ణయమమ్మా" అన్నాడు.

"సరే, మీ నిర్ణయం మీ దగ్గరుంచుకోండి" అని పళ్ళక్క ఇంటికొచ్చి, ఆ సాయంత్రమే వంటింటి బల్లమీద పని మొదలుపెట్టింది.

ప్లాన్లు లేవు, కొలతలు లేవు. మిగిలింది ఒకే ఒక్క ఫొటో. లాండ్రీ గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, పొడుగాటి గౌను అంచు పాదాలను కప్పేసింది. అమ్మ ఎత్తు అయిదడుగులు. ఫొటోలో అమ్మ ఎంతుందో కొలిచి, దాన్నిబట్టి తలుపు, తలుపునుబట్టి గోడ, గోడనుబట్టి కప్పు లెక్కగట్టింది. పల్చటి ప్లాస్టిక్ షీటు కోసి, మైనం చెక్కే కత్తితో ఒక్కో ఇటుక గీతా గీసింది. పాత ఎక్స్‌రే ఫిల్ముల నల్లపూత కడిగేసి కిటికీ అద్దాలు చేసింది. మూడు వారాలకు గోడలు లేచాయి.

అమ్మకిప్పుడు ఎనభై రెండేళ్ళు. కూతురు చేసినదాన్ని అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది.

"మన ఇల్లు మరీ ఇంత ఇరుగ్గా ఉండేది కాదే."

"ఫొటో చూసే కొలిచానమ్మా."

"ఆ ఫొటోలో నేను మీ అత్త ఎత్తుమడమల చెప్పులు వేసుకున్నా. పొడుగ్గా కనబడాలని సరదా పడ్డాలే. మూడంగుళాలు."

పళ్ళక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయిదడుగులనుకున్న మనిషి అయిదడుగుల మూడంగుళాలైతే, లెక్కగట్టిన ప్రతి గోడా ఇరవయ్యో వంతు పెరగాలి.

"ఉంచేద్దామమ్మా. ఎవరు కనిపెడతారు?"

"పార్కింగోళ్ళు ఎలాగూ లాక్కున్నారు. నువ్వు కూడా కోత పెడతావా?"

పళ్ళక్క గోడలు ఊడదీసి మొదటినుంచీ కోసింది. రెండోసారి చేతికి పని తెలిసింది. పొగగొట్టం కింద మసిచార, రెండో మెట్టుకు విరిగిన మూల, పెరట్లో తీగమీద టిష్యూకాగితం చొక్కాలు. ఆఖర్న ఒక రైల్వేకోటు. గోరంత కూడా లేని దానికి ఇత్తడి బొత్తాములుగా చుక్కలు పెట్టేసరికి కళ్ళవెంట నీళ్ళు కారాయి.

ప్రదర్శన రోజు తలుపులు తియ్యకముందే తల్లిని తీసుకుని హాలుకు వెళ్ళింది. పూలకొట్టు ఎత్తి పక్కన పెట్టింది. ఆ స్థలంలో లాండ్రీని నిలిపి, పళ్ళసెట్లకు వాడే అక్రిలిక్ కలిపి పునాది చుట్టూ పోసింది. అది రాయిలా గట్టిపడ్డాక గార్డుగారు వచ్చాడు.

"ఏంటమ్మా ఈ పని! నా కొంప ముంచుతావా? తీసెయ్!"

"మీరే తియ్యండి. కాకపోతే ఇప్పుడొద్దు. పోయినసారి ఊరు నిద్రలేవకముందు కూల్చారు. ఈసారి అందరూ చూస్తుండగా కానివ్వండి."

ఆయన విసురుగా చెయ్యి చాపాడు. తీగమీది కోటు కంటబడింది. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. కాసేపటికి ఆ చేతిని జేబులో పెట్టుకుని, పూలకొట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

మేయరు వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు, రైలు కదిలింది. బల్ల చుట్టూ తిరుగుతూ ఆ మూలకు వచ్చి వంగి చూశాడు.

"భలే ఉందే! ఇదేమిటి?"

పక్కన కుర్చీలో కూర్చున్న అమ్మ జవాబిచ్చింది. "మా లాండ్రీ బాబూ. మీరు కూలగొట్టించారే, అది."



"అవన్నీ పాత సంగతులు కదమ్మా" అన్నాడు మేయరు, నవ్వు పులుముకుని.

"పాతవెలా అవుతాయి? నేనింకా బతికే ఉన్నాగా!"

వెనకెవరో కిసుక్కుమన్నారు. మేయరు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ వారం జనం బారులు తీరారు. పిల్లల్ని ఎత్తుకుని మరీ ఆ మూల చూపించారు. "అదిగో, ఆ పై కిటికీ ఎదురుగానే మన ఇల్లుండేది" అని వేళ్ళు చూపుతూ చెప్పుకున్నారు.

ప్రదర్శన ముగిసిన మర్నాడు పళ్ళక్కకు క్లబ్బునుంచి ఉత్తరం వచ్చింది. సభ్యత్వం రద్దు, వారంలోగా కట్టడాన్ని తీసుకుపోవాలి. కింద గార్డుగారి సంతకం.

ఆమె ఉత్తరం వెనకే జవాబు రాసింది. "తీసుకుపోను. కావాలంటే రంపం తెచ్చి కోసుకోండి." ఎవరూ రంపం తేలేదు.

అమ్మ చదివించుకుని విని, తృప్తిగా తలాడించింది. "ఇప్పుడేం చేస్తావే?"

"ఆ పొద్దున కూల్చినవి మూడు కదమ్మా. మంగలిషాపు, సైకిల్‌షాపు ఇంకా కట్టాలి. మంగలిషాపు తలుపు ఎటు తెరుచుకునేది? లోపలికా, బయటికా?"

"బయటికి" అంది అమ్మ, కుర్చీ బల్లకు దగ్గరగా లాక్కుంటూ. "కొంచెం కిర్రుమనేది కూడా."

పళ్ళక్క కొత్త ప్లాస్టిక్ షీటు పరిచి, స్కేలు ఆనించి, మొదటి గీత గీసింది.