మింకె పుట్టింది

నెదర్లాండ్స్‌లోని మా హార్లింగన్‌ ఊళ్లో బిడ్డ పుడితే వీధి కిటికీకి పేరు అంటిస్తారు. మా పేటలో ఆ పేర్లు చేసిచ్చేది నేనే. వంటింటి బల్ల మీద కటింగ్ మెషిన్ పెట్టుకుని వినైల్ షీటులో అక్షరాలు కోస్తాను. అక్కర్లేని ముక్కలను సూదితో ఏరి పారేస్తాను.

ఓ మధ్యాహ్నం పక్కింటి విబ్రెన్ గారు వచ్చి చీటీ చేతిలో పెట్టారు. ‘మింకె పుట్టింది. 14 మార్చి 1971’ అని ఉంది.

“ఎవరి పాప, బాబాయ్?”

“మా పాపే. గులాబీ రంగులో చెయ్యమ్మాయ్.”

ఆయనకు డెబ్బై ఆరు. భార్య ఆకె గారు రెండేళ్లు చిన్న. వాళ్లకు పిల్లల్లేరు. ఇంకేమైనా అడిగేలోగానే ఆయన గుమ్మం దాటేశారు.

సాయంత్రం చీటీని మా ఆయన డౌవెకు చూపించాను.

“చుట్టాల పాపై ఉంటుంది. ముసలాయన పెళ్లయిన సంవత్సరం రాసుంటాడు, పాపం. మతిమరుపు మరి. అడిగి చిన్నబుచ్చకు, నువ్వే సరిచేసెయ్” అన్నాడు.

నాకూ అంతకంటే ఏమీ తోచలేదు. ఈ ఏటి అంకె వేసి కోసేశాను.

మర్నాడు తీసుకెళ్లేసరికి ఆకె గారు క్రోషే అల్లుతున్నారు. కళ్లజోడు సర్దుకుని చదివారు.

“సంవత్సరం తప్పు పడిందే, హిస్కె.”

“మీరు రాసింది డెబ్బై ఒకటండీ, పిన్నిగారూ. అందుకని…”

“డెబ్బై ఒకటే” అన్నారామె. “కడుపులోనే పోయింది. నాకు చూపించకుండానే తీసుకెళ్లిపోయారు. ఇంటికెళ్లి మర్చిపొమ్మన్నారు. అప్పట్లో అంతే. ఇప్పుడు అలా పోయిన పిల్లల పేర్లూ రాయించుకోవచ్చట. మొన్న మునిసిపాలిటీ ఆఫీసుకెళ్లి పేరు ఎక్కించాం. అక్కడమ్మాయి ముందు శుభాకాంక్షలంది, వెంటనే సారీ అంది. ఏమనాలో పాపం ఆమెకీ తెలీలేదు.”

ఇంటికి పరిగెత్తి సరైన సంవత్సరంతో మళ్లీ కోసి తెచ్చాను. విబ్రెన్ గారు కిటికీ అద్దం తుడిచి పెట్టారు. ఇద్దరం కలిసి అంటించాం.

లోపల ఆకె గారు రస్కుల మీద వెన్న రాసి, గులాబీ రంగు సోంపు గింజలు చల్లి ఇచ్చారు. ఆడపిల్ల పుడితే పెట్టేదే. చేతిలో రస్కుతో నిలబడ్డాను. అభినందించాలా, ఓదార్చాలా? తికమకలో అలవాటైన మాట నోరు జారింది.

“పాప ఎవరి పోలిక?”

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆకె గారి చేతిలో చెంచా ఆగిపోయింది.

“మా అమ్మ పోలిక” అన్నారు విబ్రెన్ గారు మెల్లగా. “నల్లటి జుట్టు, ఒత్తుగా.”

ఆకె గారు ఆయన వైపు తిరిగారు. “నువ్వు చూశావా?”

“ఆసుపత్రి వరండాలో. నర్సు తీసుకెళ్తుంటే గుడ్డ తొలగింది. ఒక్క క్షణం.”

“యాభై ఏళ్ల పైనయింది, విబ్రెన్. నాకు చెప్పలేదే.”

“నీకు చెప్పొద్దన్నారు. తర్వాత ఎలా చెప్పాలో తెలీలేదు.”

నేను మంచి చేశానో చెడు చేశానో అర్థం కాలేదు. వెళ్లిపోదామని గుమ్మం వైపు తిరిగాను. ఆకె గారు నా చెయ్యి పట్టి కూర్చోబెట్టారు కానీ నా వైపు చూడలేదు.

“చెవులు?” అని ఆయన్ను అడిగారు. “చెవులు ఎలా ఉన్నాయి?”