దుబ్బగాలి వాళ్ళ నాలుగో నిమిషం

పాట మొదలైన నాలుగో నిమిషంలో సగం మంది లేచి వెళ్ళిపోయేవారు. దోహాలో పనివాళ్ళ క్యాంపులో వాయించినా అంతే, సముద్రపు ఒడ్డున వాయించినా అంతే. గోల చేసేవారు కాదు, ఈలలు వేసేవారు కాదు. చీకట్లో చెప్పులు వెతుక్కుని, తలలు వంచుకుని, ఏదో తప్పు చేసినవాళ్ళలా మెల్లగా పోయేవారు. మిగిలిన సగం మంది కళ్ళు మూసుకుని వరిచేనులా ఊగేవారు.

ఆ బ్యాండు పేరు దుబ్బగాలి, దుమ్ము లేపే గాలి అని. గిటారు తౌఫీక్‌ది. అతను హైదరాబాదీ, ముషైరిబ్‌లో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. డ్రమ్ములు జియావుద్దీన్‌వి. పాడేవాడూ డప్పు కొట్టేవాడూ భూమేష్. జగిత్యాల దిక్కు నుంచి వచ్చి, ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం కడుతున్న కట్టడాలకు గోవ, అంటే స్కాఫోల్డింగ్, కట్టే పనిలో ఉన్నాడు. దోహా ఇంగ్లీషు పత్రిక ఒకటి వీళ్ళను ఆకాశానికెత్తింది. ఈ ఎడారిలో ఇన్నాళ్ళకు అసలైన రాక్ సంగీతం పుట్టిందని రాసింది. రేడియోలో ఒకాయన ఆ నాలుగో నిమిషం గురించే అరగంట మాట్లాడాడట.

నాలుగో నిమిషంలో గిటారు ఆగిపోతుంది. డప్పు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఎక్కడో బావి అడుగు నుంచి వచ్చినట్టు ఒక ఆడమనిషి గొంతు లేస్తుంది. ఆ గొంతు గౌరవ్వది.

గౌరవ్వ మదీనత్ ఖలీఫాలో ఖమర్ సుల్తానా ఇంట్లో వంట చేస్తుంది. భూమేష్‌కు సొంత వదిన. భూమేష్ అన్న, ఆమె పెనిమిటి, ఇక్కడే పని చేస్తూ ఒక పొద్దున నిద్రలోంచి లేవలేదు. శవపేటిక ఊరికి చేరేసరికి పదకొండు రోజులైంది. ముఖం చూపించలేదు, చూడొద్దన్నారు. ఆమె వైపు వాళ్ళ ఆచారంలో పెండ్లాం శోకం ఎత్తుకోవాలి, మిగిలిన ఆడవాళ్ళు అందుకోవాలి. వాకిట్లో అంతమంది ఆమె నోటి వైపు చూస్తూ కూర్చున్నారు. గౌరవ్వ గొంతు పెగలలేదు. పాడె లేచింది, డప్పు కదిలింది, ఆమె గుంజకు ఆనుకుని అట్లాగే నిలబడింది. "ఇరువై యేండ్లు కాపురం జేసి ఒక్క శోకం గుడ వెట్టలే" అని వెనక నుంచి ఎవరో అన్న మాట విమానమెక్కి ఆమెతో పాటే దోహాకు వచ్చింది.

ఖమర్ సుల్తానాకు తౌఫీక్ అన్న కొడుకు. అందుకే ఇంటి వెనక ఖాళీగా పడి ఉన్న గదిని వాళ్ళ ప్రాక్టీసుకు ఇచ్చింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం గౌరవ్వ వాళ్ళకు చాయ్ తీసుకుపోయింది. భూమేష్ అప్పుడే డప్పు మీద ఒక దెబ్బ తీస్తున్నాడు. పాడె ఊరు దాటేటప్పుడు కొట్టే దెబ్బ అది. అన్న పాడె ముందు కొట్టలేకపోయినవాడు, ఇక్కడ కొట్టుకుంటున్నాడు. గౌరవ్వ చేతిలో చాయ్ పళ్ళెం అట్లాగే ఉంది. కళ్ళ ముందు గోడ లేదు, గది లేదు, దోహా లేదు. వాకిట్లో తను నిలబడిన గుంజ ఉంది. ఆ గుంజను పట్టుకుని ఆమె నోరు తెరిచింది.

"ఇగో... ఎటు వోతున్నవు... సద్ది గట్టలేదు నీకు, సెప్పులు తొడగలేదు నువ్వు... ఎండల ఎటు వోతున్నవు, ఓ నా రాజా..."

ఎంతసేపు ఏడ్చిందో ఆమెకు తెలియదు. తౌఫీక్ ఫోను రికార్డులో ఉంది. తర్వాత అతను సిగ్గుపడుతూ, "భాభీ, ఇది పాటల పెట్టుకోవాల్నా?" అని అడిగాడు. "ఏమన్న జేస్కో బిడ్డా" అంది గౌరవ్వ. ఆ రోజు ఆమె మనసు నీళ్ళు పోసి కడిగిన గచ్చులా ఉంది. ఎన్నాళ్ళకో పెనిమిటికి దక్కాల్సింది దక్కింది. అంతకు మించి ఆలోచించలేదు.

ప్రపంచ కప్పుకు ఇంకా పది నెలలు ఉన్నాయనగా, అల్ వక్రా సముద్రపు ఒడ్డున పనివాళ్ళ కోసం పెద్ద సభ పెట్టి దుబ్బగాలిని పిలిచారు. ఆ సభకు వారం ముందు పెద్దన్న వచ్చాడు. ఆయన అసలు పేరే పెద్దన్న, భూమేష్ క్యాంపులో ఫోర్‌మన్. గేటు దగ్గర నిలబడి టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

"చెల్లె, నీతోని ఒక మాట. ఆ పాటల నీ గొంతు తీసేయమని జెప్పు."

"ఎందుకన్నా? పేపరోల్లు మస్తు రాసిండ్రట గద."

"పేపరోడు గోవ ఎక్కుతడా చెల్లె? ఎక్కేది మా పోరగాండ్లు. శుక్రారం పాట ఇంటరు, శనారం పొద్దుగాల పదో అంతస్తుల కాళ్లు వణుకుతయంటరు. శవం లేని తాన శోకం వెడితే ఇంకో శవాన్ని పిలిచినట్టేనాయె. మొన్న మా నిర్మల్ దిక్కాయన జారి కాలు ఇరగ్గొట్టుకుండు. పాట వల్లనే అంటుండ్రు."

"నేనెవ్వల్ని పిలువలే అన్నా."

"నువ్వు పిలువలే. పాట పిలుస్తున్నది." పెద్దన్న టోపీ తల మీద పెట్టుకుని, మళ్ళీ తీసేశాడు. "అబద్ధమెందుకు, నేను గుడ లేసి వోత. నీ గొంతు ఇనంగనే మా ఇంటామె యాదికొస్తది. నేనింక బతికే ఉన్న గద, ఇది నా మీద పడి ఎందుకు ఏడుస్తున్నది అనిపిస్తది."

ఆయన పోయాక గౌరవ్వ చాలాసేపు గేటు పట్టుకుని నిలబడింది. గొంతు తీసేయమంటే తౌఫీక్ తీసేస్తాడు, మంచి పిల్లాడు. కానీ పెనిమిటికి ఆమె పెట్టిన శోకం ఈ లోకంలో అదొక్కటే. అది తీసేస్తే ఆయన మళ్ళీ ఏ ఏడుపూ లేకుండా పోయినవాడవుతాడు. తీయకపోతే ఎవరో ఆడమనిషి పెనిమిటి పదో అంతస్తులో వణుకుతాడు. రెండు వైపులా మనుషులే.

ఆ మధ్యాహ్నం వంట ముగించి తన చిన్న గదిలో కాసేపు ఒరిగింది. ఏసీ గాలి చెవిలో ఊదుతూనే ఉంది. అది నెమ్మదిగా ఇసుక మీద గాలి అయింది.

తెల్లటి ఇసుక. దూరాన పాలలా సముద్రం. నీలం డ్యూటీ బట్టలు వేసుకున్న మగవాళ్ళు వేలమంది సముద్రం వైపు నడుస్తున్నారు. అడుగుల చప్పుడు లేదు. అందరివీ ఒకే రంగు టోపీలు, అందరివీ వీపులే. వాళ్ళలో ఆయన ఉన్నాడు. ఎడమ భుజం కొంచెం కిందికి జారినట్టు నడిచే నడక, ఆమె ఎరుగనిదా? గౌరవ్వ పరుగెత్తింది. ఇసుక దూదిలా ఉంది, కాలు ఎంత వేసినా ముందుకు పోదు. ఇరవై ఏళ్ళు పిలిచినట్టే పిలిచింది.

"ఇగో... ఇంటున్నవా?"

వేలమందీ ఒక్కసారి ఆగారు. వేలమందీ వెనక్కి తిరిగారు. ఒక్కొక్క ముఖంలో అదే ప్రశ్న, నన్నేనా అని. ఆయన కూడా తిరిగే ఉంటాడు. అన్ని ముఖాల్లో ఆయన ముఖం ఏదో ఆమెకు దొరకలేదు. వాళ్ళంతా ఎండలో నిలబడి, ఆమె సరిగ్గా పిలిచేదాకా కదలమన్నట్టు చూస్తున్నారు. పేరు ఆమె పళ్ళ దాకా వచ్చి ఆగింది.

లేచేసరికి దిండు తడిసి ఉంది.

గౌరవ్వ జన్మలో ఆయన పేరు పలకలేదు. పెళ్ళిలో గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి పేరు చెప్పమన్నా చెప్పక, గంటసేపు బయటే నిలబడింది. ఆ తల్లి పేరులో ఆయన పేరు కలుస్తుందని గ్రామదేవతను కూడా "ఊరి తల్లి" అనే అనేది. దోహాకు వచ్చేటప్పుడు విమానాశ్రయం కౌంటర్ దగ్గర భర్త పేరేమిటని అడిగితే, వరుసలో వెనకున్న ఆమెకు కాగితం చూపించి ఆమెతో చెప్పించింది.

చాయ్ పెడుతూ కల సంగతి ఖమర్ సుల్తానాకు చెప్పింది. ఖమర్ సుల్తానా పడీపడీ నవ్వింది.

"అరే, నాదీ అదే కథ గదనే! నేను డాక్టర్ సాబ్‌ని ముప్పై ఏండ్ల సంది 'అజీ సున్తే', ఇంటున్నరా అనే పిలుస్త. ఒకసారి సూఖ్ వాఖిఫ్ బజార్ల జోరుగ పిలిస్తే నలుగురు ముసలోల్లు తిరిగిన్రు. డాక్టర్ సాబ్ ఒక్కడే తిరగలే."

గౌరవ్వ కూడా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగింది. "శోకంల గుడ నేను పేరు తీయలే అమ్మా. ఇగో అన్న, నా రాజా అన్న. ఇన్నోడల్లా తననే అనుకుంటుండు."

"తీయరాదే మరి, ఏమైతది?"

"పెనిమిటి పేరు తీస్తె ఆయన ఆయుష్షు తరుగుతదంటరు."

ఖమర్ సుల్తానా చెంచాతో చాయ్ కలుపుతూ, తల ఎత్తకుండా అంది. "తరగనీకి ఇంకేమున్నదే, గౌరవ్వా?"

ఖమర్ సుల్తానా తనే నాలిక కరుచుకుని ఆమె చేయి పట్టుకుంది.

సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చినవాళ్ళకు గౌరవ్వ తన మాట చెప్పింది. శోకం తీయొద్దు. దాని ముందు తను స్టేజీ మీద నిలబడి పేరు చెబుతుంది.

తౌఫీక్ గిటారు పక్కన పెట్టాడు. "భాభీ, బురా మత్ మానో, ఏమనుకోకు. పేరు పెడితే పాట చిన్నగైతది. ఇప్పుడు అది అందరిది. పత్రికోల్లకు నచ్చిందే అది. ఎవరి కోసమో తెల్వదు, అందుకే అందరి కోసం."

"అందరిదైనందుకే లేసి వోతున్నరు బిడ్డా. బతికున్నోని మీద ఏడిస్తే ఎట్ల కూసుంటడు?"

"మంచి పేరొచ్చింది భాభీ, ఇంక పది నెలల్ల దునియా మొత్తం ఈడికే వస్తది..."

భూమేష్ డప్పు తోలు మీద అరచేయి ఆనించి వదిన వైపే చూస్తున్నాడు. "మా అన్న పేరు నువ్వు తీస్తవా వదినె?"

"ఏమో. స్టేజీ ఎక్కినంక నోరు వెగలాలె గద. ఊర్ల పెగలలే."

మరుసటి శుక్రవారం ఆమె ఖమర్ సుల్తానాతో ముషైరిబ్ దాకా బస్సులో, అక్కడి నుంచి వక్రాకు మెట్రోలో పోయింది. సూర్యుడు ఊరి వెనక సగం దిగాడు. చేపల పడవలు రేవులో ఊయలల్లా కదులుతున్నాయి. స్తంభాలకు ప్రపంచ కప్పు జెండాలు రెపరెపలాడుతున్నాయి. నమాజు పిలుపు ముగిసేదాకా ఆగి పాట మొదలుపెట్టారు. నేపాలీలు, మలయాళీలు, బెంగాలీలు, తెల్ల కుర్చీలలో పత్రికల వాళ్ళు. వెనక వరుసల్లో క్యాంపు తెలంగాణ వాళ్ళు, ముందే లేవడానికి వీలుగా చివర్లలో కూర్చున్నారు.

మొదటి మూడు నిమిషాలూ గాలిదుమారం. తర్వాత గిటారు ఆగింది. డప్పు ఒక్కటే మిగిలింది.

గౌరవ్వ మైకు ముందుకు నడిచింది. వెలుగు కళ్ళలో పడి ముందున్నవాళ్ళెవరూ కనబడలేదు. నీలం నీడలు, వేలకొద్దీ నీడలు, అన్నీ ఆమె వైపు తిరిగినవే. భూమేష్ దెబ్బ ఒక చుట్టు తిరిగింది. ఆమె నోరు తెరవలేదు. రెండో చుట్టు తిరిగింది. వెనక వరుసలో బెంచీలు కిర్రుమన్నాయి, మనుషులు లేస్తున్నారు. ఆమె మైకు కాడను గుంజలా పట్టుకుంది. మూడో చుట్టులో భూమేష్ చేయి తడబడింది. వాడు కూడా ఏడుస్తున్నాడని అప్పుడు ఆమెకు తెలిసింది.

"పోశన్న" అంది.

మైకు ఆ పేరును సముద్రం దాకా తీసుకుపోయింది.

"నా పెనిమిటి పేరు పోశన్న. ఈ శోకం ఆయినది. ఈడ సచ్చిపోయిండు, ఆడ నేను ఏడ్వలే. అందుకే ఈడ ఏడుస్తున్న. ఇంకెవ్వలది గాదిది. మీ ఇండ్లల్ల అందరు సల్లగుండాలె."

లేచిన వాళ్ళలో కొందరు పోనే పోయారు. పోయేవాళ్ళను ఏ పేరూ ఆపలేదు. పెద్దన్న మాత్రం నిలబడి, చేతులు నోటికి అడ్డం పెట్టి, ఊళ్ళో అడిగినట్టే గట్టిగా అడిగాడు. "ఏ ఊరు పోశన్న? ఎవ్వల కొడుకు?"

"కొత్తపేట. పోచవ్వ కొడుకు!"

"ఆఁ" అన్నాడు పెద్దన్న, మనిషిని గుర్తుపట్టినవాడిలా, కూర్చున్నాడు.

తౌఫీక్ రికార్డు వదిలాడు. గౌరవ్వ తన గొంతు తనే వింది. ఎవరో వయసులో చిన్నదాని ఏడుపులా ఉంది అది, పక్కన కూర్చుని వీపు నిమరాలనిపించింది. సముద్రం నల్లబడింది. ఎడమ పక్క నుంచి ఒక ముసలి గొంతు, "మా అవ్వ లచ్చవ్వ, సస్తె నేను పోలే" అంది. ఇంకెవరో, "మా తమ్ముడు గంగారాం" అన్నారు. డప్పు ఆగలేదు. పేర్లు ఒక్కొక్కటే తెరచాప పడవల్లా చీకట్లోకి జారిపోతుంటే, భూమేష్ ఒక్కొక్క పేరుకూ ఒక దెబ్బ వేశాడు.

నాలుగు రోజులకు తౌఫీక్ పత్రిక పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. వెనకే భూమేష్. తౌఫీక్ ముఖం మాడిపోయి ఉంది.

"చూసిన్రా భాభీ? నేను చెప్పిన గద. పాటల మాయ పోయిందట. అందరి దుఃఖం కాస్త ఒక్క మనిషి కథ అయిపోయిందట. మొన్నటిదాకా మనల్ని మోసినోడే రాసిండు."

"ఎవ్వనికి నచ్చింది వాడు వింటడు తియ్యి" అన్నాడు భూమేష్. "క్యాంపుల మళ్ల ఎప్పుడు వాయిస్తరని పెద్దన్న రెండుసార్లు అడిగిండు. వాళ్ల అవ్వ పేరు గుడ జెప్తడట."

గౌరవ్వ పులుసులో పోపు వేస్తోంది. నూనెలో మెంతులు రంగు తిరుగుతున్నాయి, కళ్ళు వాటి మీదే ఉన్నాయి.

"అండ్ల పేరు రాసిండ్రా బిడ్డా?"

తౌఫీక్ వేలితో వెతికాడు. "రాసిన్రు. రెండు తాన్ల."

"ఇంగ్లీషుల గుడ పోశన్న అంటే పోశన్ననేనా?"

"పోశన్ననే భాభీ."

"మంచిది" అంది గౌరవ్వ, మెంతులు మాడకుండా మంట తగ్గించి. ఆ పేరు మళ్ళీ తన నోట వచ్చిందని ఆమె గమనించలేదు. కరివేపాకు అందుకోమని చేయి చాచింది. గుమ్మంలో ఉన్న భూమేష్ మాత్రం కరివేపాకు అందించడం మరిచిపోయి ఆమె నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు.