జైతూన్ మిస్ హిజాబులో సముద్రపు గాలి

మెరాకిన్‌లో ఎండలు ముదిరాయంటే చాలు, బడిలో పదకొండో తరగతి పిల్లలు ముందు బెంచీ కోసం కొట్టుకుంటారు. చదువు మీద ప్రేమేం కాదు. జైతూన్ మిస్ హిజాబులోంచి సముద్రపు గాలి వీస్తుంది మరి. ఊరి చుట్టూ కోతలైపోయిన గోధుమ చేలు, గొర్రెల మందలు, చివర్న కబేళా. సముద్రమన్నది ఎక్కడో ఉంది. అయినా ఆవిడ తలకి గుడ్డ చుట్టిన నాటి నుంచీ, అమ్మానాన్నలు వదిలొచ్చిన కోకోస్ దీవుల గాలి ఆవిడ వెంటే ఉంది. దుకాణంలో ముసలాళ్ళు ఆవిడ వెనకే వరసలో చేరి, "నెమ్మదిగా కానియ్యి తల్లీ, మాకేం తొందర్లేదు" అంటారు.

ఆ మంగళవారం పాఠం, ముస్లిం స్త్రీలూ హిజాబూ. చెప్పడానికి నగరం నుంచి హార్కోర్ట్ అనే ఆవిడని పిలిపించారు.

"నువ్వు వెనక కూర్చో జైతూన్. ఇది నీకు మరీ దగ్గరి విషయం కదా" అంది ప్రిన్సిపాల్ ప్రిచర్డ్.

"లెక్కలు దగ్గరని లెక్కల మాస్టార్ని కూడా వెనక కూర్చోబెడతారా?"

ప్రిచర్డ్ సుద్దముక్క తీసి హార్కోర్ట్ చేతికిచ్చింది.

హార్కోర్ట్ బోర్డు మధ్యలో గీత గీసి, ఒకవైపు 'బలవంతం', ఇంకోవైపు 'ఇష్టం' అని రాసింది. క్లాసంతా కలియజూసి, హిజాబు కట్టుకున్న రోహానిని వేలితో చూపించి పిలిచింది. "ఇలా రామ్మా. నిన్నిది ఎవరు కట్టుకోమన్నారు? భయపడకు, నిజం చెప్పు."

రోహాని పోయిన నెలే హిజాబు మొదలుపెట్టింది. బస్సులో వెనక నుంచి లాగేవాళ్ళతో వేగలేక, వచ్చే వారం చదువు మానేసి అమ్మతోపాటు కబేళాలో ప్యాకింగు పనికి పోదామనుకుంటోంది. అక్కడ అందరి తలల మీదా ఒకే టోపీ. ఎవరూ ఏమీ అడగరు. ఇప్పుడు ముందుకొచ్చి, బోర్డు మీది గీతకి ఎదురుగా నిలబడింది.

జైతూన్ లేచి వచ్చి ఆ గీతని డస్టర్‌తో చెరిపేసింది.

"జైతూన్!" అంది ప్రిచర్డ్.

"ఈ క్లాసు నాది మేడమ్. పిల్లలూ, అడగాల్సింది నన్నడగండి."

"స్నానానికి కూడా తియ్యరా మిస్?" అన్నాడు లాక్లన్ అనే కుర్రాడు.

"నువ్వు చొక్కాతోనే చేస్తావా?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఒకమ్మాయి మెల్లిగా అడిగింది. "మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారా మిస్?"

"చేశారు. తీసెయ్యమని. ఉద్యోగం రాదేమోనని మా ఆయనే భయపడ్డాడు. నేను తియ్యలేదు. మా అక్క ఎప్పుడూ కట్టుకోలేదు, ఉపవాసం మాత్రం ఒక్కటీ వదలదు. కట్టుకోలేదని ఆడవాళ్ళని కొట్టే చోట్లున్నాయి. కట్టుకుందని బడి గేటు మూసే చోట్లున్నాయి. ఆ రెండు చోట్లా ఆ మనిషిని తప్ప అందర్నీ అడుగుతారు."

"నాకు ఒక్కోరోజు తీసేద్దామనిపిస్తుంది మిస్" అంది రోహాని.

"తీసెయ్యి. కట్టుకో. తల నీది."

"చూశారా, ఆ పిల్ల మీద ఒత్తిడి ఉంది!" అంది హార్కోర్ట్.

రోహాని ఆవిడ వైపు తిరిగింది. "ఉంది. నన్ను లేపి అందరి ముందూ నిలబెట్టింది మీరే. ఇవాళ నన్ను బలవంతం చేసింది మీరొక్కరే."

అప్పుడు గాలి లేచింది, ఉప్పు వాసనతో. రోహాని హిజాబు అంచు రెపరెపలాడింది. జైతూన్‌ది గాలి తప్పి చప్పున వాలిపోయింది. లాక్లన్ పుస్తకాలు పట్టుకుని రోహాని బెంచీ దగ్గరికి జరిగాడు.

మరుసటి వారం నుంచి జైతూన్‌ని ఆ తరగతి నుంచి తప్పించారు. చిన్నపిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, చెమట తుడుచుకుంటూ, తల మాత్రం దించకుండా తిరిగింది.

ఒక సాయంత్రం రోహాని తల్లి కబేళా బూట్లతోనే, కూతుర్ని వెంటబెట్టుకుని బడి గేటు దగ్గరికొచ్చింది. "సూపర్‌వైజరు ఇంకా చోటు ఆపి ఉంచాడు మిస్. ఇది చూస్తే రానంటోంది. మీరైనా చెప్పండి."

"నన్నెందుకమ్మా అడగడం? పక్కనే ఉందిగా" అంది జైతూన్.

తల్లి కూతురి వైపు తిరిగింది. కూతురి హిజాబులోంచి వీచిన గాలికి ఆవిడ పని టోపీ ఎగిరిపోబోతే రోహాని చేత్తో పట్టుకుంది.

"ఆ చోటు ఇంకెవరికైనా ఇమ్మను అమ్మా. నేను చదువుకుంటా."