గంట చక్రం

తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, ఒత్తుల దగ్గర చెయ్యి ఇంకా తడబడుతుంది. ఈ కాస్తకే తొమ్మిది రోజులు పట్టింది. మా అక్క చెప్పింది చెప్పినట్టు రాశాను.

మా బావ పాత గోడ గడియారాలు బాగుచేసేవాడు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద తెల్లగుడ్డ. బావ చెయ్యి స్ప్రింగు మీద ఉండగా ఎవరూ నోరెత్తకూడదు. కాపురానికొచ్చిన కొత్తలో అక్క "అన్నానికి రండి" అని పిలిస్తే ఉలిక్కిపడి స్ప్రింగు బిగించే తాళంచెవి వదిలేశాడట, అది గిర్రున తిరిగి కొట్టింది. బొటనవేలి గోరు ఊడిపోయింది. "ఇల్లు తగలబడుతున్నా సరే, నేను తలెత్తేదాకా పిలవకు" అన్నాడు. నలభై ఏళ్లుగా అక్క ఆ మాట జవదాటలేదు.

ఒకరోజు రిటైరైన పోస్టుమాన్ ఒకాయన తాతలనాటి గడియారాన్ని దుప్పట్లో చుట్టుకుని తెచ్చాడు.

"గంట పీలగా కొడుతోంది గురువుగారూ. ముళ్లు ఎలా తిరిగినా ఫర్వాలేదు, గంట మాత్రం జాగ్రత్త. మా ఆవిడకి చూపు పోయింది కదా. పదయిందని నేను చెబితే నమ్మదు, అది కొడితే నమ్ముతుంది."

"మొగుడి మాటకి విలువ అంతేలెండి" అన్నాడు బావ. అక్కతో సహా ముగ్గురూ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే బావ పనికి కూర్చున్నాడు. అక్క గుమ్మంలో బీన్సు తుంచుతోంది. అలాంటి గడియారంలో స్ప్రింగులు రెండు. ఒకటి ముళ్లను నడుపుతుంది, ఒకటి గంట కొడుతుంది. విప్పేముందు రెండింటి బిగువూ తాళంచెవితో మెల్లగా వదలాలి, లేకపోతే ఒక్కసారిగా విడి లోపలివి విరగ్గొడతాయి. బావ ఒకటి వదిలాడు. ఆ కిర్రుకిర్రు ఆగింది. రెండో కిర్రు కోసం అక్క చెవులు రిక్కించింది. బావ తాళంచెవి పక్కనపెట్టి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

ఈమధ్య బావకి మతిమరుపు. స్నానం చేసొచ్చి, తల తుడుచుకుని, మళ్లీ స్నానానికి వెళ్తున్నాడు.

మాట అక్క నోటిదాకా వచ్చింది. ఒక స్క్రూ ఊడింది. పిలిస్తే ఉలిక్కిపడతాడేమో, వేళ్లు అందులోనే ఉన్నాయి. రెండో స్క్రూ. ఇంత పని తెలిసినవాడికి తను చెప్పేదేముంది, ముందే వదిలాడేమో, తనే వినలేదేమో. మూడో స్క్రూ. నాలుగోది సగంలో ఉండగా ఫట్‌మంది.

గంట చక్రానికి ఏడు పళ్లు విరిగిపోయాయి. బావ చేతికి గీత కూడా పడలేదు. పడినా బాగుండేదనిపించింది అక్కకి, కట్టు కట్టే పనైనా ఉండేది.

"రెండోది వదల్లేదా నేను?"

"లేదండీ."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"మరి చెప్పొచ్చు కదే!"

"మీరే కదా పిలవద్దన్నది."

బావ విరిగిన పళ్లు ఒక్కొక్కటే ఏరి తెల్లగుడ్డ మీద పెట్టాడు. "అవును. నేనే అన్నాను."

వారం రోజులు పాతసామాన్ల కొట్లన్నీ తిరిగాడు. అలాంటి చక్రం దొరకలేదు. పళ్లు అతికించి చూశాడు. గంట మొదటి దెబ్బకే రాలిపోయాయి.

పోస్టుమాన్ వచ్చాడు.

"ముళ్లు నడుస్తాయి. గంట ఇక కొట్టదు. తప్పు నాదే" అన్నాడు బావ.

ఆయన తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "మరి ఆవిడకి ఏం చెప్పమంటారు?" అని అడిగాడు, నిజంగానే తెలియక.

బావ అక్క వైపు చూశాడు. పోస్టుమాన్ దుప్పటి కొసలు ముడేశాడు, విప్పాడు, మళ్లీ ముడేశాడు. ఇంటికి మాత్రం కదల్లేకపోయాడు.

— చిన్నమ్మి, గడియారాలాయన మరదలు. వయసు అరవై ఏడు. ఇప్పుడు కూతురింట్లో, వంటింటి పక్కగదిలో ఉంటున్నాను.