రిజిస్టరు దిగిన పేర్లు

ఆ పెళ్లి చట్టప్రకారం చెల్లదని ఆమెకి దాదాపు ఏడాదిగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు, ఒకే మంచం మీద పడుకునే అక్కకి కూడా.

ఆమె పెళ్లిళ్లు నమోదు చేసే ఆఫీసులో గుమాస్తా. ఏ మతం పెళ్లయినా, జరిపించే పెద్దకి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. మూడేళ్లకోసారి దాన్ని పొడిగించుకోవాలి. పోయినేడు ఒక ముసలి గురువుగారు గడువుకి నెల ముందే దరఖాస్తు ఇచ్చి వెళ్లారు. కిటికీ రెక్క కొట్టుకోకుండా ఆమె మడిచి దూర్చిన కాగితాల్లో అదీ కలిసిపోయింది. దొరికేసరికి గడువు దాటి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో ఆయన ఒకే ఒక్క పెళ్లి చేశారు, ఒక బస్సు డ్రైవరుకీ బట్టలు కుట్టే అమ్మాయికీ. ఆ పెళ్లి కాగితం వస్తే, ఏమీ ఎరగనట్టు రిజిస్టర్లోకి ఎక్కించింది ఆమే.

అప్పటినుంచి ఆ రెండు పేర్లూ పేజీలో నిలవడం లేదు. తెల్లారేసరికి టేబుల్ మీదికి దిగి కూర్చుంటాయి. సిరా నాసిరకమై ఉంటుంది, వేరేది తెప్పించమన్నారు సూపరింటెండెంటుగారు. ఆమె రోజూ అట్టముక్క అంచుతో వాటిని ఎత్తి, గీత మీద పెట్టి, పైన అద్దుడు కాగితం ఒత్తుతుంది.

ఆ బుధవారం ఆఫీసు ఊడ్చే ఆయమ్మ చీపురు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"నీవాళ్లు మళ్లీ దిగారమ్మా."

"రోజూ ఉన్నదేగా పిన్నీ."

"ఇవాళ ముగ్గురు. మధ్యలో చుక్క చూడు. ఇంకా పేరు పెట్టినట్టు లేరు."

ఆమె వంగి చూసింది. తల్లి పేరులోని దీర్ఘం ఆ చుక్క మీదికి గొడుగులా వంగి ఉంది. ఇద్దరినీ పేజీ ఎక్కించింది. చుక్క ఎక్కలేదు, దానికి గీత లేదు మరి. కాసేపటికి వాళ్లిద్దరూ దానికోసం కిందికొచ్చేశారు.

జంటకి తెలియక జరిగిన ఇలాంటి లోటుని ఏడాదిలోపు ఆ జంటే అర్జీ పెట్టి సరిచేయించుకోవచ్చు. ఆ రూలు ఆమెకి కంఠతా వచ్చు. ఎల్లుండితో ఆ పెళ్లికి ఏడాది. ఆ తర్వాత ఏ తనిఖీలో బయటపడినా పెళ్లి లేనట్టే, బిడ్డకి కాగితాల్లో తండ్రి లేనట్టే. కాకపోతే అర్జీలో తప్పెవరిదో రాయాలి. ఆమెది ఇంకా ఖాయం కాని ఉద్యోగం.

"పిన్నీ, రేపు నేను ఈ కుర్చీలో లేకపోతే?"

"ఆ కుర్చీ కిందా ఊడుస్తాను. ఇన్నాళ్లూ నీ కాళ్లే అడ్డం."

ఆమెకి నవ్వొచ్చింది. పేర్లని మళ్లీ ఎత్తలేదు. పాత ఫైల్లో ఆ అమ్మాయి రాసిచ్చిన నంబరు వెతికి పట్టుకుంది. ముందు క్షమించమనాలా, బిడ్డ ఎలా ఉందని అడగాలా తేలలేదు. అవతల ఎత్తాక చూసుకుందామని ఫోను అందుకుంది.