పాట ఎత్తుకునేవాడు

నలభై రెండు, ఊపిరి పీల్చుకుంటే నలభై అయిదు, మూడంగుళాల తేడా, ఇరవై ఎనిమిదేళ్ళుగా జనం ఛాతీలు కొలుస్తున్నాడు, ఇంత తేడా ఎవరి దగ్గరా చూడలేదు అనుకుంటూ మెట్లెక్కాడు టైలరు, మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది, కొట్టు మూసే హడావుడిలో తియ్యడం మర్చిపోయాడు, మధ్యాహ్నం ఆ లిఫ్టు మెకానిక్కు, మూడు నెలల కింద తమ పాటల బృందంలో చేరినవాడు, కోటు కొలతలకి వచ్చి చేతులు చాపి నిలబడితే, ఏదీ, ఒకసారి ఊపిరి పీల్చండి అన్నాడు, కోటుకి ఎవరూ ఊపిరి పీల్చమని అడగరు, అయినా అడిగాడు, తెలుసుకోకపోతే ప్రాణం ఊరుకోలేదు, అతను పీల్చాడు, టేపు కొస వేళ్ళలోంచి జారిపోయింది, చాలా అన్నగారూ, ఇంకా పీల్చనా, చాలు చాలు అని పుస్తకంలో రెండంకెలూ రాసి, రెండోది పేజీ చిరిగేలా కొట్టేశాడు, ఒక్క అంగుళం బిగించి కుడితే చాలు, సభలో గుక్క పట్టగానే గుండీలు టపటపా రాలతాయి, ఛీ, బృందంలో అందరి కోట్లూ పంతొమ్మిదేళ్ళుగా తన చేతి మీదుగానే వెళ్ళాయి, ఏ ఒక్కరికీ గుండీ ఊడలేదు, ఇప్పుడీ పాడుబుద్ధి ఎక్కణ్ణించి వచ్చింది తనకి.

లైబ్రరీ మీద గది, గురువారం సాయంత్రం ఆరు గంటలు, అర్ధచంద్రంలా పదమూడు ప్లాస్టిక్ కుర్చీలు, టిక్కుటిక్కుమనే ఫ్యాను, పురుషుల బృందగాన సంఘం, ఈ ఊరి శాఖ అని తలుపు మీద తనే స్వయంగా రాసిన అట్టముక్క, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, కానీ తన కుర్చీ పక్క కుర్చీలో మంగలి లేడు, అటు చివర మెకానిక్కు పక్కన కూర్చుని పడీ పడీ నవ్వుతున్నాడు, ఏ చుట్టరికమూ లేకపోయినా పంతొమ్మిదేళ్ళుగా నోరారా బావా అని పిలిచినవాడు, ఒకే కాగితంలో పాట చూసి పాడినవాడు, ఈ మధ్య మెకానిక్కు బండి వెనకాల ఎక్కి వస్తున్నాడు, దారే కదా బావా అంటాడు, ఏం దారి, నడిస్తే పది నిమిషాలు, ఇన్నాళ్ళూ ఇద్దరూ కలిసి నడిచిన దారి కాదా అది, వాళ్ళిద్దరికీ అంత నవ్వొచ్చే మాటలేమిటో, తను వెళ్ళగానే ఆపేస్తారేమో, ఆపలేదు, ఇంకా గట్టిగా నవ్వారు, మంగలి లేచి వచ్చి తన పక్కన కూలబడి, బావా, ఇతగాడు మనిషి ఇరుక్కుపోయిన లిఫ్టు కథ చెబుతున్నాడు, కడుపు చెక్కలైపోయిందనుకో, అన్నాడు, అలాగా అన్నాడు టైలరు, ఆ అలాగాలో ఉన్న చేదు మంగలికి తగిలిందో లేదో, ఆ మెడలో టేపేమిటి బావా, పాము పట్టేవాడిలా, అన్నాడు వాడు.

ముందు సంఘం పనులు, తరవాతే పాట, అది పద్ధతి, కార్యదర్శిగా కిందటి వారం తీర్మానాలు చదవడానికి లేచి నిలబడ్డాడు, నేల తుడవడం వంతుల వారీగా, వచ్చే రెండు వారాలూ పోస్టుమ్యానుది, సరే, టీ కప్పులు ఎవరివి వాళ్ళే కడుక్కోవాలి, సరే, కింద లైబ్రరీవాళ్ళు మనం కాళ్ళతో తాళం వేస్తున్నామని ఫిర్యాదు చేశారు కాబట్టి చేత్తో తొడ మీద వేసుకోవాలి, అందరూ నవ్వారు, చదువుతూనే ఉన్నాడు, గొంతు దారిన గొంతు పోతోంది, మనసు మాత్రం వంటింట్లో ఉంది, మొన్న పొద్దున భార్య ఏదో సర్దుతూ కూనిరాగం తీస్తోంది, బృందానికి పాట నేర్పే మాస్టారు కట్టిన పడవపాట, ఏమిటీ, నా పాట పట్టుకున్నావు అని సంబరంగా వెళ్ళాడు, పోయిన నెల మీ కార్యక్రమంలో ఆ కొత్తాయన పాడాడు చూశారూ, ఒళ్ళు ఝల్లుమందండీ, అప్పట్నించీ నోట్లోంచి పోవడం లేదు, అంది, కళ్ళలో నిప్పులు పోసినట్టయింది, ఆ పాట పదకొండేళ్ళుగా ఇంట్లో సాధన చేస్తున్నాడు, స్నానం చేస్తూ, మిషను తొక్కుతూ, ఒక్కనాడూ ఆవిడ నోటికి ఎక్కలేదు, తనకి జలుబు చేసిన ఒక్క ఆదివారం అతగాడు పాడితే ఎక్కింది, అవును బాగానే పాడాడు అని మొహం మాడ్చుకుని మిషను దగ్గరికి వెళ్తే సూది తిన్నగా వేల్లో దిగింది.

చివరి అంశం, అన్నారు మాస్టారు, బడిలో నలభయ్యేళ్ళు పాఠం చెప్పిన గొంతు, ఎవరినీ నొప్పించని గొంతు, వచ్చే నెల అన్ని శాఖలూ కలిసే సభలో పడవపాట ఎవరు ఎత్తుకోవాలి, ఒడ్డున ఎవరో అన్న ఆ మొదటి పిలుపు ఒక్క గొంతే పాడాలి కదా, ఇద్దరున్నారు, ఇద్దరూ మనవాళ్ళే, మన నియమం ఉండనే ఉంది, ఆ నియమం రాసింది తనే, ఇద్దరూ పాడాలి, అందరూ కళ్ళు మూసుకోవాలి, చెయ్యెత్తాలి, పోటీలో ఉన్నవాళ్ళు కూడా ఎత్తవచ్చు, మొహమాటాలు ఉండకూడదని రాశాడు, అప్పుడు పోటీయే లేదు కాబట్టి అంత ధర్మంగా రాయగలిగాడు, మెకానిక్కు లేచి, మాస్టారూ, అన్నగారే పాడతారు, నాకెందుకండీ అన్నాడు, ఆ వినయం చూస్తే ఒళ్ళు మరీ మండిపోయింది, ఒక్క చెడ్డగుణం ఉంటే ఏం పోయింది ఈ మనిషికి, గొంతుతో పాటు మర్యాద కూడా ఉండాలా, కూర్చో తమ్ముడూ, నియమం నియమమే, అన్నాడు టైలరు, పళ్ళ సందునించి.

తను ముందు పాడాడు, కళ్ళు కిటికీ ఊచల మీద పెట్టి, బొడ్డు దగ్గర్నించి గాలి లాగి, ఒడ్డున ఎవరో, శుభ్రంగా వచ్చింది, అపశ్రుతి లేదు, పైస్వరం దగ్గర వణుకు లేదు, పదకొండేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ పాడలేదు, కూర్చుంటే మంగలి మోకాలితో మోకాలు తట్టాడు, కొట్టావు బావా అని, కొట్టాడు, నిజమే, ఇంకేం కావాలి, అప్పుడు మెకానిక్కు లేచాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు, పాడేవాడు జేబుల్లో చేతులు పెట్టుకోకూడదు, మాస్టారు చెప్పరేం, నోరు తెరిచాడు, ఒడ్డున ఎవరో, ఫ్యాను చప్పుడు వినపడ్డం మానేసింది, తను పైస్వరానికి మెట్లెక్కి వెళ్ళాడు, ఇతను ఎక్కలేదు, ముందే అక్కడ ఉన్నాడు, అక్కణ్ణించి పిలుస్తున్నాడు, అవతల ఒడ్డున నిజంగానే ఎవరో ఉన్నట్టు, చీకటి పడుతున్నట్టు, వాళ్ళు పలక్కపోతే ఇతని ప్రాణం పోతుందన్నట్టు, పలకాలనిపించింది, నోటిదాకా వచ్చింది, ఇక్కడున్నానయ్యా అని, పళ్ళు బిగబట్టుకున్నాడు.

కళ్ళు మూసుకోండి, మొదట పాడినవారికి అన్నారు మాస్టారు, చీకట్లో పక్కన గరగరమని చప్పుడు, గంజి పెట్టిన చొక్కాచెయ్యి లేచిన చప్పుడు, ఆ చొక్కా పోయిన నెల తనే కుట్టాడు, ఆ గుడ్డ ఎలా చప్పుడు చేస్తుందో తనకి తెలియనిది కాదు, మంగలి చెయ్యి, ఠక్కున, ఒక్క క్షణం ఆలోచించకుండా లేచింది, ఒరేయ్, నిన్నా ఇన్నాళ్ళూ అనుమానించింది, బండెక్కినందుకూ నవ్వినందుకూ మనసులో నిన్ను ఎన్ని మాటలన్నాను రా, తన చెయ్యి కూడా ఎత్తాలి, ఇప్పుడే ఎత్తాలి, ఎత్తబోయాడు, ఒళ్ళో బరువుగా ఉండిపోయింది, సిగ్గు కాబోలు, తనకి తను ఎత్తుకుంటే మాస్టారు చూస్తారని కాబోలు, సరే దించండి అన్నారాయన, రెండోవారికి, అంతే, ఒళ్ళోంచి చెయ్యి లేచింది, తను లేపలేదు, వద్దు అంటున్నాడు లోపల, వద్దు వద్దు పదకొండేళ్ళు, అది వినలేదు, చెవి పక్కనించి తిన్నగా పైకి పోయింది, చాలాసేపు అక్కడే ఉంది, కళ్ళు విప్పేసరికి మాస్టారు తన వంకే చూస్తున్నారు, చూపు తిప్పుకున్నారు, ఆరు, ఏడు, ఒక్క చెయ్యి తేడా, మన తమ్ముడు ఎత్తుకుంటాడు, కార్యదర్శిగారూ, రాసుకోండి, అన్నారు, ఆ గారూ అన్నది మామూలుగా అనే మాట కాదు.

రాశాడు, పడవపాట మొదటి పిలుపు, లిఫ్టు మెకానిక్కు, ఏడు ఆరు, మంగలి చెవి దగ్గర బుసకొడుతున్నాడు, ఎవడు బావా ఆ ద్రోహి, ఒక్క ఓటు, ఒక్కటి, ఆ పోస్టుమ్యానే అయ్యుంటాడు, క్షవరానికి రానీ, సగం మీసం తీసి పంపిస్తా, పోస్టుమ్యాను కాదులేరా అన్నాడు, మరెవడు, ఎవడైతేనేం, ఊరుకో, నువ్వు అతను పాడింది సరిగ్గా విన్నావా అసలు, వినడమేమిటి బావా, నేను విననే లేదు, నువ్వు పాడావు, నేనెత్తాను, అంతే, అన్నాడు మంగలి, ఎంత మంచివాడు, వినకుండానే ఎత్తాడు, మెకానిక్కు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, మొహం పాలిపోయి ఉంది, అన్నగారూ, బృందంలో చేరిన మొదటి గురువారం నేను పాడగానే మీరు కాగితం కింద పడేసుకున్నారు, గుర్తుందా, తప్పు పాడానేమో, ఈయన సహించలేకపోయారు అనుకున్నాను, అప్పట్నించీ మీ మొహం చూసి పాడాలంటే భయం, ఎక్కడ తప్పో ఇప్పుడైనా చెప్పండి, దిద్దుకుంటాను, తప్పా, ఏం తప్పు, తప్పేం లేదు తమ్ముడూ, కాగితం చెయ్యి జారిందంతే అన్నాడు, కానీ అది చెయ్యి జారడం కాదని ఇప్పుడు తెలుస్తోంది, ఆ రోజు గదిలో ఎవరూ తల తిప్పలేదు, మంగలి జేబులో ఏదో వెతుక్కుంటున్నాడు, పోస్టుమ్యాను ఆవలిస్తున్నాడు, మాస్టారు పేజీ తిప్పుతున్నారు, తనొక్కడి వేళ్ళే వదులైపోయాయి, ఆవిడకి ఒళ్ళు ఝల్లుమనడానికి రెండు నెలల ముందే తనకి ఝల్లుమంది, మూడు నెలలుగా ఎవరి నోట ఆ మాట వస్తుందోనని ఒక్కొక్కరి మొహమే కాపలా కాస్తూ, వాళ్ళందరి మీదా రగిలిపోతూ తిరిగాడు, వాళ్ళెవరూ కాదు, ఇతను తనకంటే బాగా పాడతాడని ఈ ఊళ్ళో అందరికంటే ముందు ఒప్పుకున్నవాడు తనే.